ఆ ఒక్క రాత్రి తర్వాత పట్టుకునే హెచ్ఐవీ భయం: 72 గంటల నుంచి మూడు నెలల దాకా ఏ రోజు ఏం చేయాలి

ఒక రాత్రి ఒకటిన్నరకి ఫోన్ మోగింది. ఒంగోలు నుంచి తెలిసిన పిలకాయ, ఇరవై నాలుగేళ్ళుంటాయి. "అన్నా గొంతు నొప్పిగా ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, నాకు వచ్చేసినట్టేనా" అంటాడు. ఎప్పుడు జరిగిందిరా అంటే మొన్న రాత్రి అన్నాడు. రెండు రోజులకే హెచ్ఐవీ లక్షణాలు రావు, అంత తొందరగా బయటపడే జబ్బు కాదది. ఆ మాట చెప్పినా వినే స్థితిలో లేడు, అప్పటికే నాలుగు గంటలుగా దుప్పట్లో దూరి గూగుల్ చేస్తా ఉన్నాడంట.

నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళ కిందట నేనూ అంతే, కండోమ్ చిరిగిపోయి, తెల్లారేసరికి నా బతుకు అయిపోయిందని తేల్చేసుకున్నా. నేను డాక్టర్ని కాదు, ఆ మూడు నెలలూ పడ్డోణ్ణి, ఆ తర్వాత నలుగురైదుగురిని ఆసుపత్రికి వెంటబెట్టుకుని పొయ్యినోణ్ణి. అప్పట్లో నాకెవరూ చెప్పని ముక్క ఒకటుంది. తప్పు చేశాననే బాధ వేరు, జబ్బు వచ్చే అవకాశం వేరు. మనం రెంటినీ ఒకే కుండలో వేసి ఉడకబెడతాం, బాధ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ఖాయం అనుకుంటాం. వైరస్‌కి మన పాపపుణ్యాలు తెలీవు. ఇక్కణ్ణించి చెప్పేదంతా ఈ రెంటినీ విడదీసుకోడం గురించే.

1. ముందు గడియారం చూడండి, తర్వాతే గూగుల్

ఒక కాగితం తీసుకోండి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏం జరిగింది, కండోమ్ ఉందా, చిరిగిందా, జారిందా, అవతలి మనిషి గురించి మీకు నిజంగా ఏం తెలుసు, ఇంతే రాయండి. "నేనెందుకిట్టా చేశాను" అనేది ఆ కాగితంలో వద్దు. తేదీ రాసుకోమనేది ఎందుకంటే ఇంకో వారానికి భయంలో ఆ రోజులు కూడా కలిసిపోతాయి, నేను టెస్ట్‌కి పొయ్యినప్పుడు మేడమ్ తేదీ అడిగితే మూడు సార్లు మూడు చెప్పినా.

జరిగి 72 గంటలు దాటలేదా? అయితే మిగతాది తర్వాత, ముందు రెండో స్టెప్‌కి పోండి. దాటిపోయిందా? కంగారు పడబాకండి, మూడో స్టెప్ నుంచి చదవండి, గర్భం భయముంటే మాత్రం రెండో స్టెప్‌లో ఆ ముక్క కూడా చూడండి.

ఇంతకీ ఏం జరిగితే భయపడాలి? ముద్దులు, కౌగిలింతలు, చేత్తో చేయడం, ఒకే గ్లాసులో తాగడం, లాడ్జి బాత్‌రూమ్, లాడ్జి దుప్పటి, దోమ, వీటితో హెచ్ఐవీ రాదు. ఓరల్‌తో రావడం చాలా చాలా అరుదు. ఇక అసలు సెక్స్ గురించి లెక్కలున్నాయి, ఇవి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు వాడేవి, అవతలి మనిషికి హెచ్ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉండి, కండోమ్ లేకుండా జరిగితే ఒక్కసారికి ఎంత అనే లెక్క. యోని సెక్స్‌లో మగవాడికి పది వేలలో 4, ఆడమనిషికి 8. ఆనల్ సెక్స్‌లో చేసేవాళ్ళకి 11, చేయించుకునేవాళ్ళకి 138. అంటే ఆ చివరిది మాత్రం నిజంగా సీరియస్‌గా తీసుకోవాలి, మిగతావి మనం రాత్రి రెండింటికి ఊహించుకునే నూటికి నూరు కాదు. సున్నా కూడా కాదు, పుండ్లు గాని వేరే సుఖవ్యాధి గాని ఉంటే ఈ లెక్క పెరుగుతుంది, అందుకే టెస్ట్ అంటున్నాం.

మనోళ్ళకి హెచ్ఐవీ తప్ప ఇంకేం గుర్తుండదు. మా తరానికి ఎయిడ్స్ అంటే ఆ "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" హోర్డింగులే, రోడ్డు పక్కన చూసి నవ్వుకునేవాళ్ళం, తర్వాత మన దాకా వస్తే అదే బుర్రలో తిరుగుతుంది. నిజానికి గనేరియా, క్లమీడియా, సిఫిలిస్, హెర్పిస్ అనే సుఖవ్యాధులు హెచ్ఐవీ కన్నా చాలా తేలిగ్గా అంటుకుంటాయి, ఓరల్‌తో కూడా వస్తాయి. హెర్పిస్ ఒంట్లోనే ఉండిపోతుంది గాని మందులతో అదుపులో ఉంటుంది, మిగతా మూడూ సరైన మందు పడితే పూర్తిగా తగ్గిపోయేవే.

2. 72 గంటల లోపు: పెప్, గర్భం, హెపటైటిస్ బి

పెప్ అంటే హెచ్ఐవీ వైరస్ ఒంట్లో పాతుకోకముందే ఆపే మందు. 72 గంటల లోపే మొదలుపెట్టాలి, మూడో రోజు దాకా టైముంది కదా అని కూర్చోబాకండి, మొదటి రెండు గంటల్లో వేసుకుంటే ఇంకా మంచిది, ప్రతి గంటా లెక్కే. మన దేశంలో మామూలుగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు, మధ్యలో మానకూడదు. కొంతమందికి వికారం, తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం ఉంటాయి. గ్యాస్ టానిక్కులు, కాల్షియం, ఐరన్ మాత్రలు దీంతో కలిపి మింగితే మందు సరిగా ఒంటబట్టదు, అవి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, టైము మార్చి ఇస్తారు. కిడ్నీ టెస్ట్, హెపటైటిస్ బి టెస్ట్ కూడా రాస్తారు, అవి మందుతో ముడిపడినవి కాబట్టి ఎగ్గొట్టొద్దు.

యాడికి పోవాలి? నెల్లూరు వాళ్ళకి దర్గామిట్టలో పెద్దాసుపత్రి, ఒంగోలు వాళ్ళకి రిమ్స్, రెండు చోట్లా ఏఆర్‌టీ సెంటర్, అంటే హెచ్ఐవీకి మందులిచ్చే చోటు, ఉంది. రాత్రయితే క్యాజువాలిటీకి పోండి. ఒక మాట ముందే చెప్తా, ప్రభుత్వాసుపత్రిలో పెప్ ముఖ్యంగా సూది గుచ్చుకున్న సిబ్బందికీ, లైంగిక దాడికి గురైనవాళ్ళకీ పెట్టుకుంటారు. ఇష్టపూర్వకంగా జరిగిన దానికి ఇవ్వాలా వద్దా అనేది డాక్టర్ చూసి చెప్తారు. ఇవ్వకపోతే అక్కడ గొడవ పెట్టుకుని టైము పోగొట్టుకోకుండా ప్రైవేటులో ఫిజీషియన్ దగ్గరికో, చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికో పోయి చీటీ రాయించుకోండి. నెల్లూరులో పొగతోట పక్కకి పోతే వీధి నిండా డాక్టర్లే. నోరు పెగలడం లేదంటే ఈ ఒక్క మాట చాలు: "డాక్టర్ గారూ, ఇన్ని గంటల కిందట కండోమ్ లేకుండా కలిశాను, పెప్ అవసరమా చూడండి." కథంతా చెప్పక్కర్లేదు. ఫ్రెండ్ దగ్గర మిగిలిన మాత్రలు మాత్రం మింగబాకండి.

కండోమ్ సరిగ్గా వాడి, అది చిరగకపోతే, లేదా జరిగింది ముద్దులు, చేత్తో చేయడం వరకే అయితే పెప్ అక్కర్లేదు. భయం ఎక్కువుందని మందు వేసుకునే పని కాదది.

గర్భం సంగతి. ఆడవాళ్ళు, వాళ్ళతో ఉన్న మగవాళ్ళు ఇద్దరూ చదవండి. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర, ఐ-పిల్ అనో అన్‌వాంటెడ్-72 అనో మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 72 గంటల లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మూడు రోజులు దాటితే కూడా అయిదు రోజుల లోపు కాపర్ టీ వేయించుకోవచ్చు, గైనకాలజిస్ట్‌ని కలవాలి. మాత్ర వేసుకున్నాక నెలసరి కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది, వారం దాటి లేటైతే ఇంట్లో యూరిన్ కార్డుతో చూసుకోండి. ఈ మాత్ర గర్భం ఒక్కటే ఆపుతుంది, ఏ రోగాన్నీ ఆపదు. ఊళ్ళో షాపులో అడగడానికి మొహమాటమైతే అబ్బాయే పోయి తేవాలి, ఆ మాత్రం పని చేయలేనోడు ఇంక దేనికి.

హెపటైటిస్ బి టీకా చిన్నప్పుడు మూడు డోసులు వేయించుకున్నట్టు గుర్తు లేకపోతే డాక్టర్‌ని అడగండి, జరిగిన వెంటనే మొదలుపెడితే అదీ కాపాడుతుంది.

ఇష్టం లేకుండా జరిగుంటే, అది మీ తప్పు కాదు, ఇక్కడ రాసిన జాగ్రత్తలతో దానికి సంబంధం లేదు. ముందు స్టేషన్‌కి పోవాలని లేదు, నేరుగా ఆసుపత్రికి పోవచ్చు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఉచితంగా వైద్యం చేయాలని చట్టమే చెప్తుంది, పోలీసులకి కబురు వాళ్ళే పెడతారు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా వెళ్ళండి, చేసేసినా ఫర్వాలేదు, పోవడం మాత్రం ఆపొద్దు.

3. ఒంటిని కాపలా కాయడం మానేయండి

ఇక్కడే మనిషి పిచ్చోడవుతాడు. నా ఫోన్‌లో ఆ రోజుల్లో నా నాలిక ఫొటోలు వంద పైన ఉండేవి, టార్చ్ వేసుకుని తీసుకున్నవి. నిన్నటి నాలిక, ఇవాళ్టి నాలిక పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. బైక్ అద్దంలో కూడా నోరు తెరిచి చూసుకుంటుంటే ట్రంక్ రోడ్డు సిగ్నల్ దగ్గర పక్క ఆటో ఆయన "ఏంది సామీ, పన్ను నొప్పా" అని అడిగినాడు.

హెచ్ఐవీ తొలి లక్షణాలు వస్తే రెండు నుంచి నాలుగు వారాలకి వస్తాయి, జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు, మెడ దగ్గర గడ్డలు. కొందరికి అసలేం రావు. అవే లక్షణాలు వైరల్ ఫీవర్‌కీ వస్తాయి, డెంగీకీ వస్తాయి. కాబట్టి లక్షణం ఉందని వచ్చినట్టూ కాదు, లేదని రానట్టూ కాదు, లక్షణం చూసి ఎవరూ చెప్పలేరు, టెస్ట్ ఒక్కటే చెప్తుంది. ఈ ముక్క బుర్రకెక్కితే సగం నిద్ర వెనక్కొస్తుంది.

డాక్టర్ దగ్గరికి పోవాల్సినవి ఇవీ. కొన్ని రోజుల్లోనే మూత్రం దారిలోంచి చీములాగా కారడం, మంట, ఇది గనేరియా మాదిరి. దాదాపు మూడు వారాలకి నొప్పి లేని పుండు, సిఫిలిస్‌ది అట్టాగే ఉంటుంది, నొప్పి లేదు కదా అని వదిలేస్తారు, దానంతటదే మానిపోతుంది కూడా, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది, అదే ప్రమాదం. గుంపుగా నీటి పొక్కులు, నొప్పి, అది హెర్పిస్ కావచ్చు. ఆడవాళ్ళకి వాసనతో కూడిన తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. క్లమీడియా మాత్రం చాలామందిలో చప్పుడు చేయదు.

వదిలేయాల్సినవి కూడా చెప్తా. షేవింగ్ గుల్లలు, ఎప్పట్నించో ఉన్న చిన్న తెల్ల చుక్కలు, నాలిక మీద పొద్దున పూట తెల్ల పూత. మే నెల నెల్లూరు ఎండలో బైక్ మీద తిరిగి నీళ్ళు తాగకపోతే ఎవడికైనా మూత్రం మండుద్ది, ముందు రెండు బాటిళ్ళు నీళ్ళు తాగి చూడండి, రెండు రోజులకీ తగ్గకపోతే అప్పుడు డాక్టర్. విరేచనాలు, చెమటలు, గుండె దడ, బరువు తగ్గడం, ఇవన్నీ భయం కూడా చేస్తుంది. తిండి మానేసినోడు బరువు తగ్గక ఏం చేస్తాడు.

4. ఎవరి దగ్గరికి పోకూడదు

బస్టాండ్ మరుగుదొడ్ల గోడల మీద పోస్టర్లు చూసుంటారు, సుఖవ్యాధులకి శాశ్వత పరిష్కారం, నెలకోసారి ఫలానా లాడ్జిలో ఫలానా రూమ్‌లో దొరుకుతారు అని. నేను పొయ్యినా. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. నాడి పట్టుకుని "రక్తం చెడింది" అని, ఒక టెస్ట్ కూడా రాయకుండా, నెల రోజుల లేహ్యం చేతిలో పెట్టి జేబులో ఉన్నదంతా తీసుకున్నాడు. చెడింది నా రక్తం కాదు, నా బుర్ర, అది ఆయనకి నా మొహం చూడంగానే తెలిసిపొయ్యుంటుంది.

మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగడం కూడా ఇలాంటిదే. సగం మందు పడి లక్షణం కప్పబడుతుంది, జబ్బు ఉండిపోతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, ఇట్టాంటి వాటికే. చీముకి ఒక రంగు కిట్, పుండుకి ఇంకో రంగు కిట్ అని మందులు విడివిడిగా ప్యాక్ చేసి పెట్టి ఉచితంగా ఇస్తారు. భాగస్వామికి కూడా మందు పడాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతానే ఉంటుంది.

టెస్ట్ ఫ్రీగా అయిపోతుంది కదా అని రక్తదానానికి పోవడం, ఇది కొందరు చేస్తారు, దయచేసి చేయబాకండి. మొదటి రోజుల్లో వైరస్ ఉన్నా టెస్ట్‌లో దొరక్కపోవచ్చు, ఆ రక్తం ఎవరికో ఎక్కుతుంది.

5. టెస్ట్ తేదీలు, క్యాలెండర్ మీద రాసుకోండి

జరిగిన మర్నాడు చేయించుకున్న టెస్ట్ పాత సంగతి చెప్తుంది, ఈ రాత్రి సంగతి చెప్పదు. అయినా ఒకటి చేయించి పెట్టుకుంటే మంచిదే.

ల్యాబులో హెచ్ఐవీ ఫోర్త్ జనరేషన్ టెస్ట్ అని అడగండి, వైరస్ తాలూకు యాంటిజెన్‌నీ, మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీనీ రెంటినీ చూస్తుంది. చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేస్తే 45 రోజులకి నమ్మొచ్చు. వేలి మీద పొడిచి చేసే ర్యాపిడ్ టెస్ట్‌కి 90 రోజులు ఆగాలి. పెప్ వాడినవాళ్ళకి లెక్క వేరు, ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి పిలుస్తారు, డాక్టర్ చెప్పినట్టే పోండి. సిఫిలిస్‌కి వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి. హెపటైటిస్ బి, సి కూడా అదే ఊపులో అడిగేయండి. ఈ తేదీల మధ్యలో చేసే టెస్టులకి డబ్బు ఖర్చు తప్ప ఏం లేదు, నేను అట్టా నాలుగు చేయించుకున్నా.

పెళ్ళయినవాళ్ళు ఈ మూడు నెలలూ ఇంట్లో కండోమ్ వాడాల్సిందే. ఏం చెప్పాలి అనేది మీ ఇల్లు, మీ మనిషి, నేను చెప్పలేను. అర్ధరాత్రి ఏడుస్తా అన్నీ కక్కేయడం మాత్రం మన బరువు వాళ్ళ నెత్తిన పెట్టడమే అవుతుందని నాకనిపిస్తుంది. కానీ వాళ్ళకి ఏదన్నా లక్షణం వచ్చినా, కడుపుతో ఉన్నా, మీకు ఏదన్నా తేలినా, అప్పుడు దాచడానికి లేదు.

6. ఐసీటీసీ రూమ్‌లో ఏం జరుగుద్ది

ఐసీటీసీ అంటే ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీకి కౌన్సెలింగ్, టెస్ట్ చేసే చోటు. అందరూ భయపడేది ఇక్కడే, తెలిసినోళ్ళు కనపడతారని. అందుకే ఒంగోలు పిలకాయలు కొందరు పొద్దున పినాకినీ రైలు ఎక్కి నెల్లూరు వస్తారు, నెల్లూరోళ్ళు ఒంగోలు పోతారు. పోండి, తప్పేం లేదు, ఏ ఊరి ఐసీటీసీలోనైనా చేస్తారు, డబ్బులు తీసుకోరు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 1097, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు.

నేను పొయ్యినరోజు బయట బెంచీ మీద నాతో పాటు ఎక్కువమంది గర్భిణులే, వాళ్ళకి ఈ టెస్ట్ అందరికీ చేస్తారు. అంటే ఆ బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన ఎవరికీ ఏం అర్థం కాదు. లోపల కౌన్సిలర్ మేడమ్ తలుపు దగ్గరేసి, రిజిస్టర్ తెరిచి, మొదట అడిగిన మాట "టిఫిన్ తిన్నావా బాబూ". నాకు ఏడుపొచ్చింది. తర్వాత తేదీ, ఏం జరిగింది, కండోమ్, ఇవన్నీ రేషన్ కార్డు వివరాలు అడిగినట్టు మామూలుగా అడిగింది, మొహంలో ఏ మార్పూ లేదు. ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకుని రక్తం తీసినారు. స్ట్రిప్ మీద ఒక గీత వస్తే నెగెటివ్, ఆ గీత టెస్ట్ సరిగా జరిగిందని చెప్పేది. రెండో గీత వచ్చినా వెంటనే పాజిటివ్ అనరు, మొత్తం మూడు వేరు వేరు టెస్టులు చేశాకే చెప్తారు.

మీ సంగతి బయట పెట్టడానికి వాళ్ళకి హక్కు లేదు. 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితం మామూలుగా ఇంకొకరికి చెప్పకూడదు, ఉద్యోగంలోంచి తీసేయకూడదు.

7. పాజిటివ్ వస్తే

మన దేశంలో హెచ్ఐవీని మొదట కనుక్కుంది మన పక్కనే, చెన్నైలో, 1986లో, సునీతి సోలమన్ డాక్టరమ్మ, ఆమె దగ్గర చదువుకునే నిర్మల. అప్పటికి మందే లేదు. మన బుర్రల్లో ఉండే భయం ఆ రోజుల్ది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ ఉచితంగా ఇస్తుంది, ఇప్పుడు ఎక్కువమందికి రోజుకొక మాత్ర. క్రమంగా వేసుకుని వైరస్ లోడ్ టెస్ట్‌లో దొరకనంత తగ్గి అట్టాగే ఉంటే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటుకోదు, పిల్లల్ని కనొచ్చు. సిఫిలిస్ అయితే పెన్సిలిన్ ఇంజక్షన్. అదే రోజు ఏఆర్‌టీ సెంటర్‌కి పంపిస్తే అదే రోజు పోండి.

8. నెగెటివ్ వచ్చినా భయం పోకపోతే

ఎక్కువమందికి జరిగేది ఇదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 90 రోజుల టెస్ట్ నెగెటివ్, కాగితం చేతిలో ఉంది, ఆ సాయంత్రం తేలికగా ఉంటుంది, మర్నాడు పొద్దునకల్లా "కిట్ పాతదేమో, శాంపిల్ మారిందేమో" అని మొదలు. ఒకాయన, ఆక్వా చెరువుల దగ్గర పనిచేస్తాడు, రెండేళ్ళల్లో పదకొండు సార్లు చేయించుకున్నాడు, అన్నీ నెగెటివే. ఆయనకి టెస్ట్ కిట్ మీద అనుమానం కాదు, తనకి శిక్ష పడలేదే అనే అనుమానం. నేను ముందే చెప్పిన ఆ కుండ, రక్తం సంగతి తేలిపోయినా బాధ ఇంకా ఉడుకుతా ఉంటుంది, దానికి రక్త పరీక్ష లేదు.

ఇట్టా ఉంటే చేయాల్సింది ఇంకో హెచ్ఐవీ టెస్ట్ కాదు. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఏ టైములోనైనా, డబ్బు లేదు. లేదా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోండి, ఇది మందులతో, మాటలతో తగ్గే పరిస్థితి, పిచ్చి కాదు. చచ్చిపోదాం అనే ఆలోచన వస్తుంటే పొద్దున దాకా ఆగొద్దు, అప్పుడే చేయండి, లేదంటే ఇంట్లో ఒకర్ని లేపండి. ఫోన్‌లో ఆ వెతుకులాట చరిత్ర అంతా తుడిచేయండి, లేదంటే ఫోనే మళ్ళీ మళ్ళీ అవే చూపిస్తుంది. రాత్రి పది తర్వాత ఈ విషయం వెతకను అని ఒక రూల్ పెట్టుకున్నాకే నేను నిద్రపోయింది.

ఇక ముందు సంగతి రెండు ముక్కలు. కండోమ్ పర్సులో పెట్టుకుని ఎండలో తిరగొద్దు, వేడికి పాడవుద్ది, తేదీ చూసుకోండి, కొబ్బరి నూనె తగిలిస్తే రబ్బరు మెత్తబడి చిరుగుద్ది. నాది చిరిగింది అందుకే.

ఆ ఒంగోలు పిలకాయ 45 రోజులకి ఒకటి, 90 రోజులకి ఒకటి చేయించుకుని, రిపోర్టులో పేరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి ఫొటో తీసి పంపినాడు. రెండూ నెగెటివే. కింద మెసేజ్, "అన్నా, ఎందుకైనా మంచిది, ఇంకోసారి చేయించుకోనా?" టైము చూస్తే రాత్రి పన్నెండున్నర.

"వద్దబ్బయ్యా, గమ్మున పడుకో" అని పెట్టినా.